నేను గీకేసిన చుక్కలు

నలభై ఏళ్లకు దగ్గరగా పూలు గీసి బతికాను. చేత్తో ఒక్క మొక్క నాటి ఎరగను. మా ఇంటి ముందున్న నందివర్ధనానికి ఇప్పటికీ మా ఆవిడే నీళ్లు పోస్తుంది. "చీరల మీద ఇన్ని పూలు పూయిస్తివే, ఈడ ఒక చెంబు నీళ్లు పోస్తే ఏం పోతాది?" అని దెప్పుతూ ఉంటుంది. అయినా సరే, ధర్మవరం వీధుల్లో ఎవరైనా పట్టుచీర కట్టుకుని ఎదురొస్తే నా కళ్లు మొహం కంటే ముందు కొంగు మీదికి పోతాయి. ఈ అలవాటు వల్ల బస్టాండులో రెండుసార్లు తిట్లు కూడా తిన్నాను. ఆ పువ్వు నాదేనమ్మా అంటే నమ్మేదెవరు?

ఈమధ్య డిజైన్ పనిలో చేరిన పిల్లలు కొందరు మా ఇంటికి వస్తున్నారు. వాళ్లంతా కంప్యూటర్ల మీద గీస్తారు. మేము పదిహేను రోజులు కూర్చుని నింపిన గళ్లను వాళ్లు టీ తాగేలోపు నింపేస్తారు. చూస్తే నాకు అసూయ కాదు, ఒళ్లు పులకరిస్తుంది. ఆ రోజుల్లో ఇది నా చేతిలో ఉంటే ఎన్ని పూలు పూసేవో! వాళ్లు అడిగితేనే ఇది రాస్తున్నాను. నేను ఏ కుర్చీలోంచి ఏ కుర్చీలోకి మారానో మీకు అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తు లేదు. ఒక తామర పువ్వు గురించి చెబుతాను. నేను చేసిన తప్పుకు ఇంకో మనిషి మగ్గం పోయే పరిస్థితి వచ్చింది. నాకు పని నేర్పింది ఆ తామరే.

మెట్ల మీద పూసే పువ్వు

మాది హిందూపురం. మా నాయన ట్రంకు పెట్టెల మీద పూలు వేసేవాడు. కొత్త పెండ్లికూతుళ్లు అత్తగారింటికి తీసుకుపోయే రేకు పెట్టెలు అవి. కుంచెకు ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క తెలుపు అద్దుకుని మణికట్టు ఒక్కసారి తిప్పితే చాలు, నీడతో సహా గులాబీ రేకు వచ్చేసేది. పన్నెండో ఏటికే నేనూ ఆ తిప్పుడు పట్టుకున్నాను. పద్దెనిమిది దాటేసరికి నా అంత బాగా పువ్వు వేసేవాడు ఈ చుట్టుపక్కల లేడని నాకు గట్టి నమ్మకం.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ధర్మవరంలోని ఒక చేనేత సంఘానికి డిజైన్లు గీసే మనిషి కావలసి వచ్చాడు. నాయన నన్ను రైలెక్కించాడు. ఆ సంఘంలో డిజైన్ మాస్టరు రంగప్ప. పొట్టి మనిషి, కళ్లద్దాల కాడ విరిగిపోతే దారంతో కట్టుకుని చెవికి తగిలించుకునేవాడు. మాట తక్కువ, నశ్యం ఎక్కువ. ఒక మల్లెపువ్వు గియ్యమన్నాడు. ఒక్క నిమిషంలో గీసి ముందు పెట్టాను.

"బాగుండాది," అన్నాడు. "గోడకు తగిలించుకో. దీన్ని నేసేదెట్ల?"

అప్పుడు నా ముందు గళ్ల కాగితం పరిచాడు. నిలువు వరుస ఒక్కొక్కటీ పడుగులో ఒక పోగు. అడ్డ వరుస ఒక్కొక్కటీ పేక దారం మోసే నాడె అటు నుంచి ఇటు ఒకసారి పోవడం. జరీ పైకి కనపడాల్సిన చోట గడిలో ఎర్రరంగు నింపాలి. ఆ ఎర్రగళ్లను చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలను మగ్గం నెత్తినున్న జకార్డు మిషనుకు తగిలిస్తే, బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అంతే సంగతి. మగ్గానికి వంపు తెలియదు. దానికి తెలిసిందల్లా మెట్టు. మా నాయన మణికట్టులో ఉన్న గులాబీని మెట్లు మెట్లుగా దించాలన్నమాట.

మొదటి నెలంతా నా పూలు మొండిగోడల్లా కనిపించాయి. ఏడుపొచ్చేది. తర్వాత ఒకరోజు నేను గీసిన చిన్న మల్లెమొగ్గ మొదటిసారి మగ్గం మీద పడింది. దగ్గరగా చూస్తే మెట్లే. నాలుగడుగులు వెనక్కి వేశాను. మెట్లు మాయమైపోయాయి! గుండ్రంగా, నిండుగా, ఇప్పుడే తుంచినట్టుగా మొగ్గ. నేను అరిచిన అరుపుకు పక్కింటి మగ్గాలు కూడా ఆగిపోయాయి. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ మొగ్గ కనిపిస్తుంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెబుతున్నాను, ఆ నాలుగడుగులు వెనక్కి వేసినప్పుడు మీ గుండె ఎగిరిపడకపోతే ఇంకేదైనా పని చూసుకోండి.

తామర

ఆ మొగ్గను నేసింది ఓబులేసన్న. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. సంఘం తెప్పించిన జకార్డు మిషన్లలో ఒకటి ఆయన మగ్గానికి ఎక్కించారు. పక్క సందులోనే నా గది. ఆయన భార్య లక్ష్మక్క రోజూ నాకు ఒక సంగటి ముద్ద తెచ్చి ఇచ్చేది. "గళ్లు నింపుతావు గానీ కడుపు నింపుకోవు," అనేది.

రెండేళ్లు గడిచాక నాకు తలపొగరు పూర్తిగా ఎక్కింది. అందరూ బుట్టాలు, చిన్న తీగలు గీస్తుంటే నేను కొంగు నిండా ఒకే తామర గీశాను. ఒక్కొక్క రేకు అరచేయంత. మధ్యలో ఏమీ లేకుండా రేకంతా జరీయే. పెట్టె మీద నాయన వేసే పువ్వు ఎట్లా తళతళలాడేదో అట్లా.

రంగప్ప మాస్టరు ఆ కాగితాన్ని ఒక పూటంతా చూశాడు. తర్వాత నల్ల సిరా తీసుకుని ఎర్రరేకుల మధ్య చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. చుక్క పడిన గడిలో జరీ కిందికి పోయి, పడుగు పోగు దాన్ని నొక్కి పట్టుకుంటుంది. దాన్ని మేము కట్టు అంటాము. కట్టు లేకపోతే జరీ గుడ్డకు అంటుకోకుండా వదులుగా పైన తేలుతూ ఉంటుంది. మాస్టరు చుక్కలన్నీ వరుస తప్పకుండా, ఆవాలు చల్లినట్టు పెట్టాడు. అడుగున సంతకం చేసి నా చేతికిచ్చాడు.

నాకు ప్రాణం పోయినట్టయింది. నా తామరకు అమ్మవారు పోసినట్టుంది! ఆ సాయంత్రం గదిలో కూర్చుని బ్లేడుతో చుక్కలన్నీ గీకేశాను. చినిగిపోకుండా, ఎంత నేర్పుగా గీకానో! గీకిన చోట మళ్లీ ఎర్రరంగు నింపాను. మాస్టరు సంతకం మాత్రం అట్లాగే ఉంచాను. మర్నాడు కాగితం అట్టలు కొట్టే గదికి పోయింది. అట్టలతో పాటు సరిచూసుకోవడానికి ఓబులేసన్న ఇంటికి పోయింది.

నేత మొదలైన మూడో రోజు ఆయన నన్ను పిలిపించాడు. మగ్గం గుంటలో నుంచి తలెత్తి చూశాడు.

"ఏమప్పా, ఈ రేకులో జరీ ఊరికే తేలిపోతాంది. కట్టు యాడా కనపడదే?"

"కాగితంలో ఎట్ల ఉంటే అట్ల నెయ్యన్నా," అన్నాను. "మాస్టరు సంతకం ఉంది కదా!"

ఆయన తల వంచి మళ్లీ నాడె అందుకున్నాడు. నేశాడు. చీర దిగిన రోజు వీధి వీధంతా చూడటానికి వచ్చింది. అంత జరీ ఒక్కచోట మెరవడం ఎవరూ చూడలేదు. మాస్టరుకు ఆ వారం జ్వరం, ఇల్లు కదలలేదు. రొద్దం నుంచి వచ్చిన ఒక రైతు కుటుంబం తమ పిల్ల పెండ్లికి చీరలు చూస్తూ నా తామర దగ్గర ఆగిపోయారు. ఇంకో చీర విప్పనివ్వలేదు. నా కాళ్లు నేల మీద లేవు.

రొద్దం అవ్వ

పెండ్లయిన నాలుగో రోజు పెండ్లికూతురి అవ్వ ఆ చీర చంకన పెట్టుకుని బస్సు దిగి తిన్నగా సంఘానికి వచ్చింది. జ్వరం తగ్గి మాస్టరు వచ్చి ఉన్నాడు. సంఘం అధ్యక్షుడూ ఉన్నాడు. ఓబులేసన్నను పిలిపించారు. అవ్వ చీరను బల్ల మీద పరిచింది.

తామరలో మూడు రేకులు లేవు. తలంబ్రాలు పోసేటప్పుడు గాజు అంచుకు జరీ తగులుకుందట. పిల్ల చెయ్యి లాక్కునేసరికి పోగుకు పోగు లేచి వచ్చి ఆ రేకులు ముడుచుకుపోయాయి.

"పెండ్లిపీటల మీదనే పువ్వు రాలిపాయె," అంది అవ్వ. ఆమె గొంతు పెద్దది కాదు. అందుకే మాకు ఇంకా గట్టిగా తగిలింది. "ఆడోళ్లంతా చూసిరి. అపశకునమని వియ్యపోళ్లు గొణుక్కుంటాండారు. మా పిల్ల అన్నం ముట్టడంలేదు. నాకు దుడ్లు వద్దు, ఏమొద్దు. రాలని పువ్వు కావల్ల."

అధ్యక్షుడు ఓబులేసన్న వైపు తిరిగాడు. "నేత వదులుగా ఉండాది. కొత్త మిషను నీ చేతికిస్తే ఇదేనా చేసేది?" కాగితంలో తన చుక్కలున్నాయన్న నమ్మకంతో మాస్టరు కూడా కాదనలేదు.

అప్పుడు నేను నోరు తెరవాలి. ఓబులేసన్న నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. నేను బల్ల మీది చీరను చూస్తూ నిలబడ్డాను. ఆయన తల దించుకుని, "నేసింది నేనే," అన్నాడు. అమావాస్య సెలవు అయిన మర్నాడు ఆయన మగ్గం మీది మిషను దించి ఇంకొకరికి ఎక్కించాలని తీర్మానం చేశారు. మిషను పోతే ఆయనకు మళ్లీ మామూలు అంచు చీరలే. అంతకంటే, చెయ్యి వదులని పేరు పడితే ఆ ఊళ్లో నేసేవాడికి ఇంకేం మిగలదు.

అమావాస్యకు ఎనిమిది రోజులుంది. ఆ ఎనిమిది రోజులూ నేను నోరు విప్పలేదు. పని పోతుందని భయం. నాయన ముందు తలెత్తుకోలేనని భయం. ఆ ఎనిమిది రోజులూ లక్ష్మక్క తెచ్చిన సంగటి తిన్నాను. నా జీవితంలో నేను బాగా సిగ్గుపడే రోజులు ఏవని అడిగితే అవే.

పెనుకొండలో తిప్పక్క

అమావాస్య నాడు మగ్గాలు ఆడవు. పొద్దున్నే రైలెక్కి పెనుకొండలో మా అక్క ఇంటికి పోయాను. నిజం చెప్పాలంటే పారిపోయాను. అక్క ఇంటి ఎదురు అరుగు మీద తిప్పక్క అనే ఆమె పూలు కడుతూ ఉంటుంది. ఆమె ముందు ఆ రోజు కనకాంబరాల రాశి, మరువం, తడిగుడ్డ కింద తామర మొగ్గలు ఉన్నాయి. తామరల మీద నుంచి చూపు తిప్పుకున్నాను.

"ఏమబ్బా, పూలు గీసేవోడివంట. కట్టేది వస్తాదా?" అంది నవ్వుతూ.

ఆమె అరటినార అందిస్తే తీసుకున్నాను. నార కనపడితే అందం పోతుందని ముడులు దూరం దూరంగా, మెత్తగా వేశాను. చూడ్డానికి భలే వచ్చింది. తిప్పక్క ఒక కొస పట్టుకుని ఒక్కసారి దులిపింది. కనకాంబరాలన్నీ జలజలా నేల మీద పడ్డాయి.

"చూసినావా? నారను దాచాలని చూస్తే పువ్వే ఉండదు."

"మరి ముడి కనపడితే వికారంగా ఉంటుంది కదక్కా!"

ఆమె తడిగుడ్డ ఎత్తింది. తామర మొగ్గ ఒకటి తీసుకుని రేకులు వెనక్కి మడవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క రేకు మడిచేకొద్దీ మొగ్గ చేతిలోనే విచ్చుకున్న పువ్వైపోతోంది. నేనూ ఒకటి తీసుకుని మడిచాను. రేకు పర్రున చిరిగింది.

"అట్ల కాదు. ఈనె చూసుకోవల్ల." రేకును ఎండకు ఎత్తి పట్టింది. అడుగు నుంచి కొన దాకా సన్నని గీతలు, కొన దగ్గర ఒకదానికొకటి దగ్గరవుతూ. "ఈనె పోయిన దోవనే మడిస్తే నిలుస్తాది. రేకును పట్టుకోనుండేది ఈనెనే గదా. అది లేకుంటే నీళ్లలోనే కుళ్లిపోదా?"

నేను ఆ రేకునే చూస్తూ ఉండిపోయాను. ఎన్నేళ్లుగా తామర గీస్తున్నాను! రేకు అంచు చూశాను, రంగు చూశాను, దాన్ని నిలబెట్టేదేదో ఒక్కనాడూ చూడలేదు. మాస్టరు చుక్కలు ఆవాల్లా చల్లాడు కాబట్టి నాకు వికారంగా కనిపించాయి. అవే చుక్కలు ఈ ఈనెల దారినే పోతే? అడుగు నుంచి కొనకు, వంగుతూ, దగ్గరవుతూ? జరీని పట్టుకునేదీ అదే, రేకును అందంగా చేసేదీ అదే!

"అక్కా!" అని అరిచి లేచాను. తిప్పక్క ఉలిక్కిపడింది. మా అక్క గుమ్మంలోకి వచ్చి, "యాడికిరా పోతాండావు? అన్నం వడ్డిస్తాండా," అంటూనే ఉంది. తామర మొగ్గ ఒకటి చేత్తో పట్టుకుని స్టేషనుకు పరుగెత్తాను. దానికి డబ్బులిచ్చానో లేదో కూడా గుర్తు లేదు.

రైల్లో, సంచిలో ఎప్పుడూ ఉండే గళ్ల కాగితం తీసి తొడ మీద పెట్టుకుని పెన్సిలుతో గీశాను. పెట్టె ఊగినప్పుడల్లా గీత పక్కకు పోయేది, చెరిపి మళ్లీ గీసేవాణ్ణి. ఎదుటి బెంచీ మీది ముసలాయన ధర్మవరం వచ్చేదాకా నన్నే చూసి, దిగేటప్పుడు, "పరీక్షా నాయనా?" అని అడిగాడు. అవునన్నాను. చేతిలో పరిష్కారం ఉంది కాబట్టి ధైర్యం వచ్చిందని నాకు తెలుసు. పరిష్కారం లేకపోతే తప్పు ఒప్పుకునేవాణ్ణా? ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. అది మంచి విషయం కాదు, అయినా ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మిషను దించే పొద్దు

మర్నాడు పొద్దున ఓబులేసన్న ఇంటికి వెళ్లేసరికి ఇద్దరు మనుషులు మగ్గం ఎక్కి మిషను తాళ్లు విప్పుతున్నారు. కింద అధ్యక్షుడు, రంగప్ప మాస్టరు నిలబడి ఉన్నారు. లక్ష్మక్క గోడకు చేరగిలబడి కండెలు చుట్టుకుంటోంది. ఎవరి వైపూ చూడటం లేదు.

"ఆపండి," అన్నాను. "తప్పు నేతలో లేదు. మాస్టరు పెట్టిన చుక్కలు నేనే గీకేశాను."

లక్ష్మక్క చేతిలో కండె ఆగిపోయింది. మాస్టరు కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"నా సంతకం కింద?"

"అవును మాస్టారూ."

ఆయన కొడతాడనుకున్నాను. చెయ్యి చాచాడు. రైల్లో గీసిన కాగితం ఇచ్చాను. చాలాసేపు చూశాడు. ఒక రేకు మీద వేలు పెట్టి ఈనె వెంట అడుగు నుంచి కొన దాకా మెల్లగా జరిపాడు. నేను వాడిపోయిన తామర మొగ్గను కూడా చూపించాను. ఆయన పెదవుల మీద నవ్వులాంటిదేదో కనిపించి మాయమైంది.

"ఇది నెయ్యొచ్చు," అన్నాడు అధ్యక్షుడితో. "మిషను ఉండనీ. రొద్దం అవ్వ ఈ చీర చూసినాక మాట్లాడుదాం." తర్వాత నా వైపు తిరిగాడు. "నీకు మూడు నెలలు ఎర్రరంగు లేదు. అట్టలు కొట్టు పో. ఈ తామర అట్టలతోనే మొదలుపెట్టు."

ఆ మూడు నెలలు నాకు పడిన శిక్షల్లో అన్నిటికంటే మంచిది. నా చుక్కలను నేనే బెజ్జాలుగా, బెజ్జాలు వదిలిన చోట్లుగా లెక్కపెట్టుకుంటూ కొట్టాను. ఒక్క గడి తప్పితే ఎక్కడ ఏ పోగు ఏడుస్తుందో చేతి వేళ్లకు తెలిసింది. పిల్లలూ, మీ కంప్యూటర్లో ఒక నొక్కు నొక్కితే చుక్క పోతుంది. దాని బరువు మీ వేలికి తెలియదు. అందుకే కనీసం ఒక నెల మగ్గం పక్కన కూర్చోండి. నేసేవాడు "ఏమప్పా" అని అడిగినప్పుడు ముందు వినండి.

చూరులో కాగితం

కొత్త చీర దిగిన రోజు రొద్దం అవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి మనవరాలిని కూడా వెంట తెచ్చుకుంది. ఓబులేసన్న కొంగు విప్పి పరిచాడు. నేను అలవాటుగా నాలుగడుగులు వెనక్కి వేశాను.

ఏం చెప్పను! మొదటి తామర తళతళలాడింది, అంతే. ఇది ఊపిరి పీలుస్తోంది. ఈనెల దారిలో జరీ ఒక్కొక్క చోట మునిగి తేలుతుంటే రేకులు నిజంగా వంగినట్టు, నీళ్ల మీద నుంచి ఇప్పుడే లేచినట్టు ఉన్నాయి. చుట్టూ నిలబడ్డవాళ్లు ఇంకా దగ్గరికి జరిగారు.

అవ్వ మాత్రం అందానికి పడిపోయే మనిషి కాదు. మనవరాలి చెయ్యి పట్టుకుని, ఆ గాజులతోనే రేకుల మీద అటూ ఇటూ రుద్దించింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి గట్టిగా. ఒక్క పోగు లేవలేదు.

"ఇది రాలదులే," అంది అవ్వ. ఆ పిల్ల అప్పుడు మొదటిసారి తలెత్తి నవ్వింది. కొంగును భుజం మీద వేసుకుని, వెనక ఎట్లా ఉందో చెప్పమని లక్ష్మక్కను అడిగింది.

అందరూ వెళ్లిపోయారు. మిషను మగ్గం నెత్తినే ఉంది. ఓబులేసన్న లేచి చూరులో చెయ్యి పెట్టి, చుట్టచుట్టి ఉన్న కాగితం ఒకటి తీశాడు. నా ముందు విప్పాడు. నా పాత తామర. దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాడు. బ్లేడుతో గీకిన ప్రతి చోటా కాగితం పలచబడి, ఎర్రరంగులో నుంచి వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపించింది. మాస్టరు పెట్టినవన్నీ, ఒక్కటీ తప్పకుండా.

నేను దగ్గరికి వెళ్లి ఆ చుక్కల మీద వేలు పెట్టి చూశాను.

"నేత మొదలుపెట్టిన పొద్దే చూసినా. అందుకే నిన్ను పిలిచి అడిగితి," అన్నాడు.

"మరి ఆ రోజు సంఘంలో ఎందుకు చూపించలేదన్నా? మిషను పోతుంటే కూడా?"

"నేను చూపిస్తే నువ్వు దొంగ మాదిరి పట్టుబడుదువు. మళ్లా ఈ ఊర్లో నీ కాగితం ఎవరు నేస్తారు? నువ్వే వచ్చి చెప్తావని చూస్తాంటి."

"నేను రాకపోయుంటే?"

ఆయన కాగితం మళ్లీ చుట్ట చుట్టి నా చేతిలో పెట్టాడు.

"మిషను పోయేది," అన్నాడు. "కాగితం మాత్రం చూరులోనే ఉండేది."

ఆ తర్వాత గీసిన ప్రతి కాగితం మూలన మాస్టరు సంతకం పక్కనే నా పేరు కూడా రాసుకున్నాను. తప్పు వస్తే ఎవరిని అడగాలో తెలియాలి కదా. ఓబులేసన్న పోయి చాలా ఏళ్లయింది. మా ఇంటికి వచ్చే పిల్లలు మంచి డిజైన్లు చూపించమంటారు. నేను ఆ పాత కాగితం తీసి కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుగుకు ఎత్తి పడతాను. ముందు వాళ్లకు తామరే కనిపిస్తుంది. చుక్కలు కనిపించేదాకా నేను చెయ్యి దించను.